నాలుగు పేజీల కోసం నలిపిన అక్షరాలు

తెలుగు పుస్తక ప్రచురణకర్తలకు, పత్రికల సంపాదకులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,



కిందటి నెల ఒక కథల పుస్తకం ఆఖరి ప్రూఫు నా దగ్గరికి వచ్చింది. ముందటి ప్రూఫులో 164 పేజీలున్న పుస్తకం ఇందులో 160కి దిగింది. కథ ఏదీ తీసెయ్యలేదు. వాక్యం ఏదీ కొట్టెయ్యలేదు. అక్షరం సైజు అదే, మార్జిన్లు అవే. మరి నాలుగు పేజీలు ఎక్కడికి పోయినట్టు? ఆరా తీస్తే తెలిసింది. పది ఫారాలకు, అంటే 160 పేజీలకు, పట్టించమని ప్రచురణకర్త కబురు పెట్టారు. డీటీపీ కుర్రాడు మ్యాటరంతా సెలెక్ట్ చేసి, అక్షరాల మధ్య దూరాన్ని తేల్చే ట్రాకింగ్ గడిలో మైనస్ 25 కొట్టాడు. అర నిమిషం పని. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయండీ అని నేను ఫోన్ చేస్తే, "అంత పరీక్షగా ఎవరు చూస్తారండీ!" అని నవ్వేశారాయన.

ఆయన పేరు మీకు అక్కర్లేదు. ఈ పనిలో ఉన్న నలభై ఏళ్లలో ఇదే మాట ఎన్ని నోళ్ల విన్నానో లెక్కలేదు. మీలో కొందరి నోటా విన్నాను. అందుకే ఉత్తరం మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మైనస్ 25 అంటే ఎంతో ముందు లెక్క చెబుతాను. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ట్రాకింగ్‌ను అక్షరం సైజులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. 12 పాయింట్ల మ్యాటర్‌కి మైనస్ 25 పెడితే ప్రతి రెండు ముక్కల మధ్యా 0.3 పాయింటు తగ్గుతుంది. మిల్లీమీటరులో పదో వంతు. విడిగా చూస్తే కంటికి ఆనదు. కానీ డెమ్మీ సైజు పుస్తకంలో లైనుకు ముప్ఫై ముక్కలున్నాయనుకుంటే లైనుకు మూడు మిల్లీమీటర్లు మిగులుతాయి. నాలుగంగుళాల లైనులో అది నూటికి మూడు వంతులు. 164 పేజీల మీద ఆ మూడు వంతులే మీ నాలుగు పేజీలు. కాగితం బిల్లు చూసుకునేవాళ్లకు బాగున్న బేరమే. పాఠకుడి కన్ను మాత్రం పంక్తికి ముప్ఫై చోట్ల ఆ బాకీ తీర్చుకుంటూ పోవాలి.

ఇందాకటి నుంచి "ముక్కలు" అంటున్నాను గాని "అక్షరాలు" అనడం లేదు. గొడవంతా అక్కడే ఉంది.

అక్షరం అంటే ఏమిటో మనకు ఛందస్సు ఎప్పుడో తేల్చిపెట్టింది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, శార్దూలానికి 19. ఆ లెక్కలో "స్త్రీ" ఒక్క అక్షరం. సకారం, దాని కింద తకారం, రకారం, నెత్తిన గుడిదీర్ఘం, అన్నీ కలిసి ఒక్కటి. పద్యం మొహం చూడని పిల్లాణ్ని "రాష్ట్రం" ఎన్నక్షరాలురా అని అడగండి, రెండంటాడు. అదే స్త్రీని యూనికోడ్ ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది. రాష్ట్రానికి ఎనిమిది. యంత్రం వీలు కోసం అలా దాచుకుంటే దాచుకోనివ్వండి, తప్పులేదు. కానీ లెటర్ స్పేసింగ్ అనే మాటలో ఉన్న ఆ లెటరు ఎవరి లెక్క? ఇటుక పక్కన ఇటుక పేర్చినట్టు ఒకే వరుసలో నిలబడే రోమన్ లిపి కోసం పుట్టిన సదుపాయం అది. మన రాత అడ్డంగా నడుస్తూనే నిలువుగా కూడా కట్టుకుంటూ పోతుంది. తల మీద గుడి, కాళ్ల దగ్గర ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఆ కట్టడం మొత్తాన్ని ఒకటిగా పట్టుకుని జరిపితే సరే. మధ్యలో చెయ్యి పెట్టి జరిపితే?

అను, శ్రీలిపి లాంటి యూనికోడ్‌కి ముందునాటి ఫాంట్లు లేకపోతే తెలుగులో డీటీపీ అనేదే ఇంతగా లేచేది కాదు. చిన్న పత్రికలు బతికినా, ఊరికో కవితా సంపుటి వచ్చినా వాటి చలవే. ఆ రుణం మరిచి మాట్లాడను. అయితే వాటిలో అక్షరం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒత్తు వేరే ముక్క. గుణింతపు గుర్తు చాలాచోట్ల వేరే ముక్క. కొన్ని ఫాంట్లలో తలకట్టు కూడా వేరే. ఒత్తు సరిగ్గా తన అక్షరం కిందికే వచ్చి కూర్చునేలా ఒక్కో ముక్కనూ వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి అమర్చారు ఆ ఫాంట్లు చేసినవాళ్లు. మీరు ట్రాకింగ్ గడిలో ఒక అంకె వేయమన్న క్షణాన వాళ్ల కొలతంతా గంగపాలు. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఒత్తూ ఒక లెటరే, గుడీ ఒక లెటరే. ప్లస్ వేస్తే ఒత్తు సొంత అక్షరాన్ని వదిలి పక్కింటి గడప తొక్కుతుంది. మైనస్ వేస్తే ఇరుగూ పొరుగూ ఒకే మంచం మీద సర్దుకోవాలి.

నమ్మకం లేకపోతే "కార్యక్రమం" అన్న మాట తీసుకోండి. పత్రికలో రోజుకు వందసార్లు పడే మాట. "ర్య"లో యావత్తు కుడివైపుకి తోక చాపుతుంది. దాని పక్కనే "క్ర"లో క్రావడి ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది. మామూలుగా అచ్చువేసినా ఆ రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. మైనస్ 25 వేసి చూడండి. అక్కడ కొత్త ఒత్తేదో పుట్టినట్టుంటుంది.

ఇంకా చిన్నవి చెప్తాను. "వు"లో కొమ్ము కాస్త కిందికి దిగి కలుస్తుంది కనుకనే అది మనకు "మ" కాకుండా ఉంది. ద, ధ మధ్య తేడా గోరంత గీత. డ, ఢ అంతే. ప, ఫ అంతే. హెడ్డింగ్ పట్టలేదని అక్షరం వెడల్పును 80 శాతానికి నొక్కించేటప్పుడు ఆ గోరంత గీతకు ఎంత చోటు మిగులుతుందో ఎప్పుడైనా అడిగారా? న్యూస్‌ప్రింట్ మీద సిరా ఎలాగూ కొంత పాకుతుంది. నొక్కిన అక్షరంలో పొట్ట పూడిపోయి, బోధనకీ బాదుడికీ ఒకే "ద" మిగులుతుంది.

నేను ఈ పనిలోకి వచ్చింది సీసపు అచ్చుల రోజుల్లో, విజయవాడలో ఒక చిన్న ప్రెస్సులో. అచ్చుల కేసు ముందు నిలబడి, ఎడమ చేతిలో కంపోజింగ్ స్టిక్కు పట్టుకుని లైను కూర్చేవాళ్లం. లైను నిండకపోతే మాటల మధ్య సన్న స్పేసు తీసి లావుది పెట్టడం, పట్టకపోతే లావుది తీసి సన్నది పెట్టడం. సర్దుబాటంతా మాటకీ మాటకీ మధ్యనే. రెండు అక్షరాల్ని దగ్గరికి నొక్కాలంటే ఆకురాయి పట్టి సీసాన్ని అరగదీయాలి. ఏ ప్రచురణకర్త మాత్రం ఆ మాట అడిగేవాడు? సీసం నలగదు కాబట్టి అక్షరం బతికింది. మా పనితనం గొప్పదని నేను చెప్పబోవడం లేదు, తలకిందులు పడిన అచ్చులు, అరిగిపోయిన ఒత్తులు మా పుస్తకాల్లోనూ బోలెడు. ఈ ఒక్క పాపం చేయడానికి మాత్రం మాకు వీలుండేది కాదు.

తర్వాత కంప్యూటర్ మీద పేజీలు కట్టే పేజ్‌మేకర్ వచ్చింది. దాని స్పేసింగ్ పెట్టెలో లెటర్ స్పేస్‌కి మూడు గడులు. కంపెనీ ముందే వేసి పంపిన అంకెలు మైనస్ 5, 0, 25. లైను సర్దడానికి మాటల మధ్య చోటు చాలకపోతే అక్షరాల మధ్య కూడా నొక్కుకో, లాక్కో అని సాఫ్ట్‌వేర్‌కి ముందుగానే ఇచ్చిన అనుమతి అది. ఇంగ్లీషు మ్యాటర్‌ని మనసులో పెట్టుకుని వేసిన అంకెలు. తెలుగు పేజీలు కట్టేటప్పుడు వాటిని సున్నాలు చేసినవాణ్ని నా అనుభవంలో ఒక్కణ్నే చూశాను. ఇన్‌డిజైన్‌లో మొదట అవి మూడూ సున్నాలే ఉంటాయి. మంచి జరిగిందనుకుంటే, ఇప్పుడు మనమే పనిగట్టుకుని వాటిని చెరిపి అంకెలు వేయిస్తున్నాం.

పత్రికల సంపాదకులారా, మీ బాధ పుస్తకాల వాళ్ల బాధకు తలకిందులు. వాళ్లు నొక్కుతారు, మీరు లాగుతారు. మన మాటలు పొడుగు. విభక్తులు, సంధులు, సమాసాలు అన్నీ ఒకే మాటలో ఎక్కి కూర్చుంటాయి. ఇరుకు కాలమ్‌లో లైనుకు రెండు మాటలు పడితే ఎక్కువ. రెండు మాటల మధ్య ఉన్నది ఒకే ఖాళీ. ఇంగ్లీషులో ఏడెనిమిది ఖాళీలు పంచుకునే బరువును మన దగ్గర ఆ ఒక్కటే మోయాలి. మోయలేదు. అప్పుడు సాఫ్ట్‌వేర్ అక్షరాల మధ్యకు వస్తుంది. "విశ్వవిద్యాలయాల్లో" అన్న మాట ఒక్కటే లైనులో పడి, పళ్లూడిన నోరులా ఈ చివర నుంచి ఆ చివరకు సాగి కనిపించని రోజు మీ పేపర్లో ఉందా? పాఠకుడు దాన్ని మాటగా చదవడు. ఒకటో తరగతి పిల్లాడు కూడబలుక్కున్నట్టు ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, చివరికొచ్చాక మొత్తం కలుపుకుంటాడు.

దీనికి మందు లేకపోతే నేనింత నిష్ఠూరంగా రాయను. మందు మన పాత పుస్తకాల్లోనే ఉంది. తాళపత్రాల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీయే లేదు. లైను నిండగానే అక్షరం దగ్గర ఆగి కింది లైనులోకి దిగడమే. అచ్చు వచ్చాక కూడా చాలాకాలం మాటను పంక్తి చివర అక్షరం దగ్గర విరిచి కిందికి దించేవారు, ఒకచోట చిన్న గీత పెట్టి, ఒకచోట పెట్టకుండా. మన పెద్దలు ఇబ్బంది లేకుండా చదువుకున్నారు. తెలుగు మాటకు ఏ అక్షరం దగ్గర విరిచినా ప్రాణం పోదు, ఒత్తును విడదీయనంత వరకు. విరిచిన మాట చూడటానికి బాగోదని సాగదీసిన మాటను భరించడం ఏ సౌందర్యశాస్త్రం? అదీ ఇష్టం లేకపోతే కుడి అంచు సమంగా ఉండాలన్న పట్టుదల వదలండి. అదీ కాదంటే మీ సబ్ ఎడిటర్‌కి ఐదు నిమిషాలు ఇవ్వండి. "నిర్వహించడం జరిగింది" అన్నచోట "జరిపారు" అని మారిస్తే లైను దానంతటదే కూర్చుంటుంది, వార్త కూడా కొంచెం తెలుగవుతుంది.

పద్యాల పుస్తకాల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. పాదం ఒక లైనులో పట్టాలని ఆ ఒక్క పాదాన్నే మైనస్ 40కి నొక్కి, కింది పాదాన్ని వదిలేసిన శతకాలు నా అలమరలో ఉన్నాయి. యతి ఎక్కడుందో వెతుక్కునేవాడికి నాలుగు పాదాలూ నాలుగు కొలతల్లో ఇచ్చిన ఘనత మనదే.

యూనికోడ్‌కి మారిపోయాం, మాకీ బెడద లేదు అనేవాళ్లకు రెండు మాటలు. మారడం మంచిదే. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, ఇంకా వస్తున్నాయి. కానీ యూనికోడ్ తెలుగును సరిగా పేర్చే కంపోజర్ ఇన్‌డిజైన్‌లో వేరే ఉంటుంది, వరల్డ్ రెడీ కంపోజర్ అని. 2012లో వచ్చిన సీఎస్6 నుంచే మన భాషలకు దాన్ని పనికొచ్చేలా చేశారు. దాన్ని ఎంచుకోకుండా మ్యాటర్ పోస్తే ఒత్తులు ఊడి పొల్లులు బయటపడతాయి. ఊరూరా ఫ్లెక్సీల మీద, ఆఫీసుల బోర్డుల మీద మీరు చూస్తున్న తెగిన తెలుగు చాలావరకు ఇలాంటి పొరపాటుతో తయారైందే. ఇక సరిగా పేర్చాక కూడా వెడల్పు నొక్కితే ద, ధ కలిసిపోవడం మానవు. ట్రాకింగ్ బాగా నొక్కితే యావత్తూ క్రావడీ గుద్దుకోవడం మానవు. ఫాంటు మారితే ముక్కలు కొంత కుదురుతాయి, మన బుద్ధి కుదరదు.

"పాఠకులెవరూ ఫిర్యాదు చేయలేదే!" అంటారు మీరు. నాకు తెలుసు, ఎందుకంటే నాతోనూ అన్నారు. మా అక్కయ్య రిటైరైన టీచరు. రెండేళ్ల కిందట కొత్త నవల ఒకటి చదవడం మొదలుపెట్టి, ముప్ఫై పేజీల దగ్గర మూసేసి, "కళ్లు మందగించాయిరా, అద్దాలు మార్పించాలి" అంది. కళ్ల డాక్టరు పవరు మారలేదన్నాడు. నేను అదే సైజు అక్షరాలున్న 1970ల నాటి పుస్తకం ఒకటి ఇచ్చాను. రెండు రోజుల్లో పూర్తి చేసి ఇంకోటి అడిగింది. ఆ కొత్త నవల అచ్చువేసినవాళ్లకు ఆమె ఉత్తరం రాయలేదు. ఎందుకు రాస్తుంది? తప్పు తన కళ్లదనుకుంది కదా! మీ పుస్తకం సగంలో మూసేసినవాళ్లలో ఎంతమంది ఇలా తమనే నిందించుకున్నారో మీకు ఏ రిజిస్టర్లో దొరుకుతుంది?

పిల్లల సంగతి ఇంకా కష్టం. ఒత్తులు నేర్చుకుంటున్న పిల్లవాడు పుస్తకంలో చూసి నేర్చుకోవలసింది ఏ ఒత్తు ఏ అక్షరానిదో. అదే అటూ ఇటూ జరిగి ఉంటే వాడు దేన్ని చూసి దిద్దుకోవాలి? పిల్లల బొమ్మల పుస్తకాల్లో అక్షరాలు విశాలంగా ఉండాలని ట్రాకింగ్ ప్లస్ 50 పెట్టించేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే. విశాలం కావాలంటే అక్షరం సైజు పెంచండి, మాటల మధ్య, లైన్ల మధ్య చోటు పెంచండి. అమ్మలో "మ" నుంచి మావత్తును విడదీసి చూపించడం ఏ విశాలం?

ఇది మీ సొంత వ్యాపారం, మాకెందుకంటారా? మేం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో శాఖా గ్రంథాలయాలకు కొనేది మీ పుస్తకాలే. తెలుగు చదివేవాళ్లు తగ్గిపోతున్నారని ప్రతి పుస్తక ప్రదర్శన వేదిక మీదా వాపోయేది కూడా మీరే. చదవబోయినవాణ్ని పంక్తికి ముప్ఫైసార్లు తడబడేలా చేసి, తర్వాత వాడు టీవీకి అతుక్కుపోయాడని దుఃఖపడటం ఏం న్యాయం?

దయచేసి ఈ తప్పును డీటీపీ ఆపరేటర్ నెత్తిన వేయకండి. మీరిచ్చేది పేజీకి ఇంత అని. 164ను 160కి దించితే నాలుగు పేజీల కూలి పోయేది అతనికే. తన కడుపు తనే కొట్టుకునే పని సరదా కోసం చేస్తాడా? మీరు పట్టించమన్నారు, పట్టించాడు. ఎలా పట్టించావని మీరు అడగలేదు, అతను చెప్పలేదు. పుస్తకం మొదట్లో, ధరకు పైన, ప్రచురణ అని ఉన్నచోట ఉండేది మీ పేరు.

ఇక ఆ నాలుగు పేజీల విషయం. పుస్తకం తిప్పి చూశాను. ముందుమాటలు నాలుగు. అందులో రెండింటిలో ఒకే పోలిక, ఒకే పొగడ్త. చివర మీ ఇతర ప్రచురణల జాబితా రెండు పేజీలు. మధ్యలో రచయిత సన్మానం ఫొటో ఒక పేజీ, దాని వెనక ఖాళీ పేజీ. పద్నాలుగు కథల్లో ప్రతి అక్షరాన్నీ నలిపారు గాని వీటి జోలికి పోలేదు. ఒక్క జాబితా, ఆ ఫొటో తీసేస్తే సరిగ్గా నాలుగు పేజీలు మిగిలేవి. ముందుమాటల్లో ఒకటి తగ్గిస్తే ఆ పెద్దాయనకు కోపం వస్తుందని భయపడ్డారు. అక్షరానికి కోపం రాదన్న ధైర్యంతో దాని మీద చెయ్యి వేశారు.

కాగితం ధర మండిపోతోందని నాకూ తెలుసు. కావాలంటే ధర నాలుగు రూపాయలు పెంచండి, చదవగలిగే పుస్తకానికి ఇస్తాం. మార్జిన్ కొంచెం తగ్గించండి. అర పాయింటు సైజు తగ్గించడం కూడా నొక్కడం కంటే నయమే, కనీసం అక్షరం తన ఆకారంలో తానుంటుంది. రచయితను పిలిచి రెండు పేరాలు కోయమనండి, ఒప్పుకుంటాడు. ఈ పనులన్నీ మీ చేతిలోవి. వీటిలో ఏదీ చేయకుండా ట్రాకింగ్ గడి మీదికి పోయే అలవాటునే నేను తప్పు పడుతున్నాను.

ఒక్క కోరిక. ఈసారి పుస్తకం ప్రెస్సుకు పంపే ముందు, ఎడిషన్ వదిలే ముందు, ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. జస్టిఫికేషన్ పెట్టె తెరవమనండి. లెటర్ స్పేసింగ్ అన్న వరుసలో మూడు గడులుంటాయి. మూడింటిలోనూ సున్నాలు ఉండాలి. తర్వాత మ్యాటరంతా సెలెక్ట్ చేయించి ట్రాకింగ్ గడి చూడండి, అక్కడ కూడా సున్నా ఉండాలి. లేకపోతే అక్కడికక్కడే వేయించి, ఎన్ని పేజీలు పెరిగాయో చూసుకుని, ఆ తర్వాత నాతో మాట్లాడండి.

ఇట్లు,
ఒక ప్రూఫ్ రీడర్